పైకప్పు లేని ఇల్లు

గాలి లేచిందంటే అప్పాజీ ఇంట్లో ఉండడు. ఆ రొయ్యల చెరువుల మీద పనిచేసే వాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. అన్నం ముందు కూర్చున్నా సరే, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి బయటికి వచ్చేస్తాడు. వానలో తడుస్తూ గట్టు మీది కొబ్బరిచెట్టు దగ్గరికి వెళ్తాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముని చెట్టుకి కట్టేసుకుంటాడు. గాలి తగ్గేదాకా ఇక అక్కడే. ఆరడుగుల మనిషి, ధాన్యం బస్తాని అవలీలగా బండికెత్తేవాడు, అలా చెట్టుని కావలించుకుని కళ్లు మూసుకుని నిలబడితే చూసేవాళ్లకి నవ్వు రావడం సహజం. నవ్వారు కూడా. ఆ నవ్వినవాళ్లలో ఒక్కడు కూడా తొంభైఆరు తుఫానులో అతను ఉన్న చోట లేడు.

కాట్రేనికోన దాటి సముద్రం వైపు పోతే పల్లంరాజుగారి చెరువులు. ఊరు అక్కడికి దూరం, కరెంటు స్తంభాలు ఇంకా దూరం. అప్పాజీ, అతని భార్య రత్నమాణిక్యం ఆ చెరువులకి కాపలా ఉంటూ గట్టు మీదే తాటాకు పాకలో కాపురం చేసేవారు. పిల్లలిద్దరూ చదువు కోసం కోటిపల్లి దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉండేవారు. తుఫాను వచ్చిన నాడు మాణిక్యం వాళ్లని చూడటానికని పుట్టింటికి వెళ్లింది. పాకలో అప్పాజీ ఒక్కడే ఉన్నాడు.

తాటాకు పాక గాలికి ఎగిరిపోతుందని అందరికీ తెలుసు. ఎలా ఎగిరిపోతుందో అప్పాజీకి తెలుసు. ముందు వాసాలు మూలిగాయి. తర్వాత కప్పంతా కలిసి, ఉడుకుతున్న అన్నం మీద మూత లేచినట్టు, ఒక్కసారిగా పైకి లేచింది. ఆ సందులోంచి మబ్బు కనిపించింది. మరుక్షణం అదే కప్పు దూలంతో సహా వచ్చి అతని మీద పడింది. దాని కిందినుంచి ఎలా బయటపడ్డాడో అతనికే తెలియదు. నీళ్లు నడుం దాకా వచ్చేసరికి కొబ్బరిచెట్టు చేతికి తగిలింది. తెల్లారి వచ్చినవాళ్లు తువ్వాలు ముడి విప్పలేక కొడవలితో కోశారు. రోడ్లన్నీ తెగిపోయి మాణిక్యం పడుతూ లేస్తూ వచ్చేసరికి, ఆ కోసిన తువ్వాలు ముక్క ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది.

పల్లంరాజుగారు చెడ్డమనిషేమీ కాదు. పాక పోయిన చోట సిమెంటు రేకుల షెడ్డు వేయించారు. అది పాక కంటే అన్యాయం. చిన్న గాలికే రేకులు టపటపమంటాయి. ఆ చప్పుడు వినగానే అప్పాజీ ముఖంలో నెత్తురు ఉండేది కాదు. పాదాలు వాటంతటవే గుమ్మం దాటేసేవి. తను పిరికివాణ్ణి అయిపోయానని అతనికి తెలుసు. తెలియడం వల్ల ఏం లాభం? సిగ్గు మనసులో ఉంటుంది, భయం కాళ్లలో ఉంటుంది, వాటిలో ముందు కదిలేవి కాళ్లే.

మాణిక్యానికి అతని భయం కంటే ఆ చెట్టంటే ఎక్కువ భయం. గట్టు కోసుకుపోయి దాని వేళ్లు సగం బయటపడ్డాయి. చిన్న గాలులకి సరే. మళ్లీ అలాంటి తుఫానే వస్తే చెట్టుతో పాటు మనిషీ పోతాడు. కాబట్టి ఆ మనిషిని గాలి వేళ ఇంట్లో ఉంచడమెలా అన్నదొక్కటే ఆమె ఆలోచన. అన్నం వండుతున్నా అదే, వల దులుపుతున్నా అదే. ఒకరోజు తిన్నగా అడిగేసింది.

"బావా, నీకు దేన్ని చూస్తే భయం? గాలినా, కప్పునా?"

అప్పటిదాకా అతన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. "కప్పునే, మాణిక్యం. గాలి నన్నేం చెయ్యలేదు. నా మీద పడింది కప్పు."

"అయితే కప్పు లేని ఇల్లు కడతాను" అంది.

పెళ్లానికి మతి పోయిందనుకున్నాడు అప్పాజీ. అనుకోడా మరి? కానీ ఆ మాట ఆవిడ నోటికొచ్చి అన్నది కాదు. అప్పాజీకి పూర్వం ఒక పేరుండేది. ఆ చెరువులు ఒకప్పుడు వరిచేలు. చుట్టుపక్కల ఏ రైతు ఇంట్లో పురి కట్టాలన్నా అతనికే కబురు వెళ్లేది. పురి అంటే ధాన్యం దాచుకునే గడ్డికొట్టు. వరిగడ్డితో జబ్బలావు తాడు పేని, లోపల ధాన్యం పోసుకుంటూ, ఆ తాడుని చుట్టలు చుట్టలుగా పైకి తిప్పుకుంటూ పోతారు. పైకి వెళ్లేకొద్దీ చుట్ట లోపలికి జరిగి జరిగి చివరికి నెత్తిన మూసుకుంటుంది. అందులో వాసం ఉండదు, దూలం ఉండదు. చేలు చెరువులయ్యాక పురులూ పోయాయి, అతని పేరూ పోయింది. మాణిక్యం మాత్రం మర్చిపోలేదు.

"నువ్వు కట్టే పురికి కప్పెక్కడుంది బావా? గోడే పైకెళ్లి మూసుకుంటది. ఎగిరిపోడానికి అక్కడ విడిగా ఏదన్నా ఉంటేగా!"

"పిచ్చిదానా, లోపల ధాన్యం ఉంది కాబట్టి పురి నిలబడద్ది. ఖాళీ పురి కూలిపోద్ది."

"గడ్డితాడు కాబట్టి కూలిపోద్ది. బస్తాల్లో మట్టి కూరి పేరిస్తే?"

బస్తాల సంగతి ఆమెకి పుట్టింట్లోనే తెలుసు. తండ్రి గోదావరి గట్టు మీద లస్కరు. గట్టుని కాచుకోవడమే అతని ఉద్యోగం. ఎనభైఆరు వరదల్లో, పెళ్లికి ముందు ఏడాది, వాళ్ల ఊరి దగ్గర గట్టు కారడం మొదలైతే ఊరు ఊరంతా బస్తాలు నింపింది. మాణిక్యం బస్తాల మూతులు పట్టుకుంది. నిండా కూరితే బస్తాకీ బస్తాకీ మధ్య సందు మిగులుతుందనీ, కాస్త వెలితిగా నింపి మూతి కిందికి మడిచి పేరిస్తేనే ఒకదాన్నొకటి కరుచుకుంటాయనీ తండ్రి అరిచి అరిచి చెప్పాడు. అటువైపు గోదావరి, ఇటువైపు ఊరు, మధ్యలో ఆ బస్తాలు. గట్టు నిలిచింది. "గోదారినే ఆపిన బస్తాలకి గాలొక లెక్కా?" అనేది మాణిక్యం.

రేకుల షెడ్డు పక్కన గట్టు వెడల్పుగా ఉన్నచోట కట్టడం మొదలుపెట్టింది. నడుమ ఒక సరుగుడు కర్ర పాతి, దానికి తాడు కట్టి, తాడు చివర పట్టుకుని చుట్టూ తిరిగి గీత గీసింది. ఇద్దరు పడుకుంటే కాళ్లు గోడకి తగలనంత జాగా. చెరువు తవ్వినప్పుడు పోసిన మట్టి అక్కడే గుట్టలుగా ఉంది, సముద్రం దగ్గర కాబట్టి ఇసుక కలిసే ఉంది. పిడికిట్లో పట్టి వదిలితే ముద్ద విడిపోకుండా ఉండేంత తడి చేసి బస్తాల్లో పోసింది. ఒక వరస పేర్చడం, దిమ్మిసతో బాదడం, తుఫానుకి పడిపోయిన కంచెలోంచి లాగిన ముళ్లతీగని పై బస్తా జారకుండా దాని మీద పరవడం, మళ్లీ ఇంకో వరస. చెరువు పని చూసుకుంటూనే, మిగిలిన పొద్దంతా ఇదే. పక్క చెరువు కాపలావాడు బుల్లియ్య వచ్చి చూసి, "ఏంటక్కా, బావని లోపలెట్టి మూసేద్దామనా?" అన్నాడు.

"అవును, ఇంకొకడికి కూడా జాగా ఉంది. వస్తావా?" అంది మాణిక్యం, దిమ్మిస దించకుండానే.

బస్తాలకి కొదవ లేదు. రొయ్యల మేత వచ్చే సంచులు షెడ్డు వెనక కుప్పగా పడి ఉన్నాయి. గట్టి సంచులు, పైగా ఊరికే వచ్చేవి. ఇక్కడే జరిగింది తప్పు. చెరువుల మీద బతికేవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు. ఆ మేతలో ఉండేది ఎండుచేపల పొడి. దాని వాసన ఊళ్లోంచి వచ్చినవాడికి ఫర్లాంగు దూరాన్నుంచే తెలుస్తుంది. బస్సులో వీళ్ల పక్కన కూర్చున్నవాళ్లు లేచి వెళ్లిపోతారు. వీళ్ల ముక్కులకి మాత్రం ఆ వాసన అలవాటైపోయి, అసలు లేదన్నట్టే ఉంటుంది. గట్టులో కాపురముండే పందికొక్కులకి అలాంటి అలవాటేమీ లేదు.

గోడ ఛాతీ ఎత్తుకి వచ్చింది. ఒక పొద్దున్న చూస్తే కింది వరసలో ప్రతి సంచికీ బెజ్జం, ప్రతి బెజ్జంలోంచీ మట్టి ధార. లోపల మేత ఉందనుకుని తెల్లవార్లూ కొరికాయి. లేదని తెలిశాక పక్క సంచి కొరికాయి. వాళ్లు చూస్తుండగానే గోడ ఒక పక్కకి ఒరిగి, నెమ్మదిగా కూర్చుండిపోయింది. మాణిక్యం ఒక సంచి తీసి ముక్కుకి ఆనించుకుని గట్టిగా పీల్చింది. "ఏం వాసనా రాట్లేదే" అని, అదే నోటితో పకపకా నవ్వింది. నవ్వి నవ్వి అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. అన్నాళ్ల కష్టం మరి. అప్పాజీకి ఏం చెయ్యాలో తోచక, పడిపోయిన బస్తాలు విప్పి మట్టి గుట్టగా పోశాడు. ఆ ఇంటి పనిలో అతను చెయ్యి పెట్టడం అదే మొదలు.

మర్నాడు ఆమె యూరియా సంచుల కోసం పుట్టింటికి బయల్దేరింది. ఖాళీ యూరియా సంచి రైతు ఇంట్లో ఊరికే పడి ఉండదు. అది వానకి గొంగళి, ధాన్యానికి మూట, గేదెకి తెర, పిల్లలకి పరుపు. అలాంటిది లస్కరు కూతురు అడిగిందని ఇంటికి నాలుగు చొప్పున తెచ్చి ఇచ్చారు. వరదప్పుడు ఆ పిల్ల బస్తాల మూతులు పట్టుకోవడం వాళ్లు కళ్లారా చూసినవాళ్లే. పెద్ద మోపు కట్టించుకుని లారీ మీద వచ్చి దిగింది మాణిక్యం. మళ్లీ కింది వరస నుంచి మొదలుపెట్టింది. చూస్తున్న అప్పాజీకి గుండె నిండిపోయినట్టు అనిపించింది. నిన్నగాక మొన్న కూలిన గోడ చోటే, ఏమీ జరగనట్టు, అదే తాడు పట్టుకుని గీత గీస్తోంది. ఈ మనిషితోనా తను ఇన్నాళ్లూ కాపురం చేస్తున్నది అనుకున్నాడు.

ఈసారి పందికొక్కులు వచ్చి వాసన చూసి వెళ్లిపోయాయి. గోడ ఆమె తలెత్తు దాటింది. అక్కణ్నుంచి లోపలికి తిప్పాలి. మాణిక్యం తాడు పొడుగు తగ్గించి వరస లోపలికి జరిపింది, ఆ పై వరస ఇంకాస్త జరిపింది. మూడో వరస మీద బస్తా పెట్టగానే రెండు జారి, ఆమె పాదం పక్కన దబ్బున పడ్డాయి. గట్టు అవతల మేత చల్లుతున్న అప్పాజీ పళ్లెం పారేసి పరుగెత్తుకొచ్చాడు. ఆమెకేం కాలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తోంది.

"ఎందుకు పడ్డాయి బావా?"

అప్పాజీ గోడని కింది నుంచి పైదాకా చూశాడు. చూస్తూ ఉండగా అతని చేతుల్లో ఏదో పాతది మేలుకుంది. "తొందరపడ్డావే. పురికి భుజం అని ఒకటుంటది. అక్కడ ఎంత నిదానిస్తే అంత గట్టి. చుట్ట పైకి పోతున్నట్టే ఉండాలి, లోపలికి పోతున్నట్టు చూసేవాడికి తెలవకూడదు." తాడు తనే అందుకున్నాడు. "ఇల్లు పొడుగైపోద్ది, ఫర్వాలేదా?"

"పోనియ్, ఆకాశం మనదేగా" అంది మాణిక్యం.

అప్పట్నుంచి ఇద్దరూ కట్టారు. ఆమె కూరుతుంది, అతను పేరుస్తాడు. అరచెయ్యి వెడల్పు కాదు, రెండు వేళ్లు, వరసకి రెండు వేళ్లు మాత్రమే లోపలికి. చెయ్యి మర్చిపోలేదు. కన్ను మర్చిపోలేదు. పల్లంరాజుగారు మోటారుసైకిలు మీద వచ్చి ఆగి, "ఏవిటోయ్ ఇది, గుడా గోదామా?" అని అడిగితే, "ఇల్లేనండి, ఆయ్" అన్నాడు అప్పాజీ. ఆ "ఆయ్"లో ధీమా విని రాజుగారు మోటారుసైకిలు తిప్పుకుని వెళ్లిపోయారు.

చివరి వరసలు పెట్టడానికి అతను పైకెక్కి కూర్చోవలసి వచ్చింది. మాణిక్యం లోపల ఉండి బొక్కలోంచి చూస్తోంది. ఆకాశం ముందు జల్లెడంత ఉంది, తర్వాత పళ్లెమంత, తర్వాత గిన్నెంత. ఆఖరి బస్తా దించి దిమ్మిసతో బాదాడు. లోపల చీకటి పడింది.

"గెంతు బావా" అని లోపల్నుంచి అరిచింది.

"నీ మీద పడితే?"

"పడదు. గెంతు!"

అప్పాజీ కళ్లు మూసుకుని గెంతాడు. కింద ఏమీ కదల్లేదు. మళ్లీ గెంతాడు. అంత మనిషీ బలమంతా పెట్టి తొక్కుతుంటే ఆ మట్టి ఉలకలేదు, పలకలేదు. నిచ్చెన దిగి, వంగి, పొట్టి వాకిట్లోంచి లోపలికి వెళ్లి తలెత్తి చూశాడు. వరస మీద వరస, వలయం లోపల వలయం, చిన్నదవుతూ చిన్నదవుతూ పైకి పోయి ఒక్క చోట కలుసుకుంది. పట్టుకున్నది ఏమీ లేదు. దూలం లేదు, స్తంభం లేదు, మేకు కూడా లేదు. పడాల్సిన బస్తాలన్నీ ఒకదాన్నొకటి పడనివ్వడం లేదు. ఆ కింద నిలబడితే గుళ్లో గంట కింద నిలబడ్డట్టు ఒళ్లు గగుర్పొడిచింది అతనికి. జీవితమంతా పురులు కట్టాడు కానీ వాటి లోపల నిలబడి పైకి చూసింది లేదు, అక్కడెప్పుడూ ధాన్యమే ఉండేది. దండం పెట్టుకోబోయి, మాణిక్యం నవ్వుతుందని తల గోక్కున్నాడు.

ఎండకి సంచులు చివికిపోకుండా మట్టిలో ఊకా పేడా కలిపి మెత్తారు. దాని మీద సముద్రం ఒడ్డున దొరికే గుల్లలు కాల్చిన సున్నం పూశారు. దూరంనుంచి చూస్తే తెల్లగా గుడ్డులా ఉండేది. ఎండాకాలం లోపల చల్లగా ఉందని బుల్లియ్య మధ్యాహ్నం కునుకు అక్కడే తీసేవాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును. నైరుతి గాలులు మొదలైన నాడు అప్పాజీ కొత్త ఇంట్లో మంచం మీంచి లేచాడు. మాణిక్యం అతని ముఖమే చూస్తోంది. అతను గోడని చూశాడు, పైకి చూశాడు, ఇది పడదు అని పైకే అన్నాడు. అంటూనే వాకిలి దాటి చెట్టు దగ్గరికి వెళ్లిపోయాడు. తన చేత్తో కట్టిన ఇంటినే నమ్మలేకపోయినందుకు ఆ చెట్టుకి తలానించి ఏడ్చాడు. అతను తిరిగొచ్చాక మాణిక్యం వేడి గంజి ఇచ్చి, తల తుడిచింది. తిట్టేసి ఉంటే అతనికి సుఖంగా ఉండేది.

ఆ ఏడు కార్తీకంలో వచ్చిన తుఫాను పెద్దదేమీ కాదన్నారు. ఎక్కడో ఉత్తరాన తీరం దాటుతుందని రేడియోలో చెప్పారు. అది దారి మార్చుకుని ఇటు వచ్చింది. ముందు రోజంతా, రాత్రంతా అప్పాజీ, మాణిక్యం చెరువుగట్టు ఎత్తు చేస్తూనే ఉన్నారు. తెల్లారేసరికి అతను నిలబడే ఓపిక లేక లోపలికి వచ్చి పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే నిద్రపోయాడు.

మెలకువ వచ్చేసరికి లోపలంతా నిశ్శబ్దం. ఎంతసేపు పడుకున్నాడో తెలియలేదు. మాణిక్యం వాకిట్లో కూర్చుని ఉంది. వాకిలికి ఇంకా బందులు పెట్టలేదు, పాత పడవ చెక్కలతో చేసిన పలకని లోపల్నుంచి తాడుతో కట్టి ఉంచేవారు. ఆ తాడు ఆమె రెండు చేతులకీ చుట్టి ఉంది. కాళ్లు గోడకి తన్నిపెట్టి ఉన్నాయి. చీరంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతుల మీద తాడు ఒరుసుకున్న చోట చర్మం లేచిపోయింది.

"ఏంటే ఇది?"

"గాలొచ్చింది బావా. ఉత్తరాన్నుంచి. తలుపుని బయటికి లాక్కుపోదామని చూసింది." ఆమె గొంతు బొంగురుపోయింది. "తలుపు పోతే చప్పుడుకి నువ్వు లేస్తావని పట్టుకు కూర్చున్నాను. నీకు వినపడలేదుగా?"

వినపడలేదు. జబ్బ పొడుగు మందం ఉన్న ఆ మట్టి తుఫానుని తుఫానులా లోపలికి రానివ్వలేదు. అప్పాజీ పలక పక్కకి జరిపి చూశాడు. రేకుల షెడ్డు లేదు. రేకుల ముక్కలు చెరువులోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. గట్టు మీద కొబ్బరిచెట్టు ఉంది, ఇంకాస్త ఒరిగి ఉంది. గాలి బొత్తిగా లేదు, ఆకు కదలడం లేదు. ఇంత జరుగుతుంటే తను ఇంట్లో పడుకుని ఉన్నాడు! ఇంట్లో! అతను ఇటు తిరిగి భార్యని చూశాడు. గోదావరిని ఆపిన మనుషుల గురించి ఆవిడ చెప్పేది ఇన్నాళ్లూ ఊరికే విన్నాడు.

"ఎల్లిపోయింది బావా. అయిపోయింది" అంది మాణిక్యం, తాడు విప్పుకుంటూ.

"అవలేదు." అన్నాడు అప్పాజీ. ఇది అతనికొక్కడికే తెలుసు. తొంభైఆరులోనూ మధ్యలో ఇలాగే ఆగింది. "ఇది తుఫానుకి నడిమధ్య. ఇప్పుడు ఎదురుగాలి వస్తది, దక్షిణాన్నుంచి. సరిగ్గా మన వాకిలి మీదికి."

అప్పుడే దక్షిణాన ఆకాశం నల్లబడింది. దూరంగా సరుగుడు తోటలో హోరు మొదలైంది. అప్పాజీ చెట్టు వైపు చూశాడు. భుజం మీద తువ్వాలు ఉంది. చెట్టు దాకా పరుగెత్తే వ్యవధి కూడా ఉంది. మాణిక్యం తాడుని మళ్లీ చేతికి చుట్టుకోబోయింది. చుట్టుకోవడానికి ఆ చేతులు వంగడం లేదు.

అతను పలక లోపలికి లాగి మూసేశాడు. దానికి వీపు ఆనించి కూర్చుని, పాదాలు నేలలో గుచ్చుకునేలా తన్నిపెట్టాడు.

"నువ్వెళ్లి పడుకో. ఈ గాలికి తాడు పనికిరాదు, ఒళ్లు కావాలి."

"బావా..."

"పడుకోవే."

మొదటి దెబ్బకి పలక అతని వెన్నుని గుద్దింది. అతని మోకాళ్లు గజగజా వణికాయి. దాచుకోవడానికి చూశాడు కానీ దాగలేదు. మాణిక్యం ఆ మోకాళ్లని చూసింది. చూసి కూడా చాప మీద ఒరిగి, అటు తిరిగి, కాసేపటికి గురకపెట్టి నిద్రపోయింది.